హిమవంతుడి ఊరికి పెళ్ళిచూపులు

శివపార్వతుల పెళ్ళి మనం ఏటా చేస్తూనే ఉంటాం. శ్రీశైలంలో శివరాత్రి నాటి రాత్రి దీపాలన్నీ ఆర్పేస్తే, ఆ చీకట్లో ఒక నేతగాడు ఆలయ శిఖరం నుంచి నందుల దాకా పాగా చుడతాడు. రోజుకో మూర చొప్పున ఏడాదంతా నేసిన బట్ట అది. పెళ్ళికొడుక్కి తలపాగా చుట్టడం అయ్యాక కల్యాణం. అంతా మన ఇళ్ళలో జరిగినట్టే జరుగుతుంది కాబట్టి, అసలు పెళ్ళి ఏ ఊళ్ళో జరిగిందన్న అనుమానం మనకు పుట్టదు. మా మేనకోడలికి పుట్టింది.

“కేదారనాథ్ దారిలో ఉంది మామయ్యా ఆ ఊరు. త్రియుగీ నారాయణ్. అప్పటి హోమగుండం ఇంకా మండుతూనే ఉందట. మా పెళ్ళి అక్కడే” అని బెంగుళూరు నుంచి ఫోన్లో ప్రకటించింది.

పెళ్ళికొడుకు ఆమెతోపాటు కొండలెక్కే కుర్రాడే. అతనికేం అభ్యంతరం లేదు. అభ్యంతరాలన్నీ రాజమండ్రిలో మా బావగారి దగ్గర పోగుపడ్డాయి. ఊళ్ళో ఏసీ కల్యాణ మండపం, ఎనిమిది వందల విస్తళ్ళు ఆయన మనసులో ఏనాడో ఖాయమైపోయాయి. అయినా బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి; కాగితాలు చూడకుండా అప్పు లేదనే అలవాటు లేదు.

“ఏమోయ్, చూడకుండా వద్దంటే పిల్ల అలుగుతుంది. వెళ్ళి, చూసొచ్చి, అప్పుడు వద్దందాం” అన్నారు.

అలా దీపావళికి ముందు, యాత్రికుల రద్దీ పలచబడే రోజుల్లో బావగారు, అక్క, నేను ఒక ఊరిని పెళ్ళిచూపులు చూడటానికి బయల్దేరాం.

డెహ్రాడూన్ దాకా విమానం, రాత్రికి ఋషికేశ్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం వారి ఆంధ్ర ఆశ్రమం. అక్కడి నుంచి సోన్‌ప్రయాగ్ సుమారు 210 కిలోమీటర్లు. మన జాతీయ రహదారి మీద నాలుగు గంటల పని. ఇక్కడ చీకటితో ఎక్కితే చీకటి పడేదాకా కూర్చోవాలి. ఒక పక్క కొండను తొలిచి రోడ్డు వెడల్పు చేస్తుంటారు, ఇంకో పక్క కొండ జారి రోడ్డును ఇరుకు చేస్తుంటుంది. దేవప్రయాగలో భాగీరథి, అలకనంద కలిసి అక్కణ్ణుంచి గంగ అనిపించుకుంటాయి. రుద్రప్రయాగలో అలకనందను బదరీ వైపు వదిలేసి మేం మందాకిని పక్కన పడ్డాం. అక్క కిటికీ పక్కన నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంది. బావగారు జేబులోంచి డైరీ తీసి పెద్దన్నయ్యగారి మోకాళ్ళు, పిన్నిగారి రక్తపోటు, గుమ్మలూరు మామయ్య వాంతులు అని ఒక్కొక్కటే రాసుకుంటున్నారు. ప్రతి మలుపుకీ ఎవరో ఒక బంధువు పెళ్ళికి రాకుండా ఆగిపోతున్నారు.

రుద్రప్రయాగ దాటాక అగస్త్యముని అనే ఊరొస్తుంది. బజారు మధ్యలో ఋషి పేరిట గుడి. టీ కోసం ఆగినప్పుడు అక్కకు కథ గుర్తొచ్చింది. పార్వతీ కల్యాణం చూడాలని మూడు లోకాలూ హిమాలయానికి ఎగబడితే ఆ బరువుకు ఉత్తరం కుంగి దక్షిణం పైకి లేచిందట. భూమిని సరిచెయ్యడానికి శివుడు అగస్త్యుణ్ణి పిలిచి, నువ్వు దక్షిణానికి వెళ్ళవయ్యా అన్నాడు. పెళ్ళి చూడకుండా వెళ్ళమంటావా అని ఋషి బాధపడితే, నువ్వున్నచోటికే నా పెళ్ళి కనిపించేలా చేస్తానని మాటిచ్చాడు.

“లైవ్ పెట్టాడన్నమాట” అంది అక్క.

బావగారు నవ్వలేదు. పెన్ను మూత పెట్టి కాసేపు మందాకినికేసి చూశారు. ఆయన డైరీలో ఉన్న చిక్కే ఆ కథలోనూ ఉంది మరి. మొదటి పెళ్ళికే వేదిక దూరం, చోటు ఇరుకు, జనం ఎక్కువ; ఎవరో ఒక పెద్దమనిషిని బతిమాలి ఆపాల్సి వచ్చింది. ఆగినవాడు దక్షిణాది వాడిగానే మిగిలిపోయాడు. చుట్టాన్ని పిలవకపోవడం వేరు, పిలిచి రావద్దని చెప్పడం వేరు. రెండోది చెయ్యాలంటే శివుడంతటి వాడు కావాలి.

ఆ రాత్రి గుప్తకాశీలో. శివుడు పార్వతిని పెళ్ళాడతానని అడిగింది ఇక్కడేనని స్థానికులు చెబుతారు. ఎదురుగా లోయకు అవతల ఊఖీమఠ్ దీపాలు. చలికాలం కేదారనాథుడు కిందికి దిగి అక్కడి ఓంకారేశ్వరాలయంలోనే పూజలందుకుంటాడు. బాణాసురుడి కూతురు ఉషకు, అనిరుద్ధుడికి పెళ్ళి జరిగింది అక్కడేనట. లోయకు చెరో పక్కా పెళ్ళి కథలే. కేదారనాథ్ ప్రధాన అర్చకుడు రావల్‌గారి పీఠం కూడా ఊఖీమఠ్‌లోనే. ఆ పదవి కర్ణాటక నుంచి వచ్చే వీరశైవులది. బదరీలోనేమో కేరళ నంబూద్రి. ఇంత పైన దక్షిణాది మంత్రం కొత్తేమీ కాదని నేనంటే, “మంత్రం వస్తుందోయ్, ఎనిమిది వందల మంది రావద్దూ” అన్నారు బావగారు.

సోన్‌ప్రయాగ్ దగ్గర కేదారనాథ్ వెళ్ళేవాళ్ళంతా గౌరీకుండ్ జీపుల కోసం వరసల్లో నిలబడి ఉంటారు. పార్వతి తపస్సు చేసిన చోటంటారు దాన్ని. మనం ఆ వరస వదిలేసి ఎడమకు తిరిగి, దేవదారు చెట్ల మధ్య నుంచి 12 కిలోమీటర్లు పైకెక్కాలి. కారు గుడి దగ్గరి దాకా పోతుంది. కేదారనాథ్ 3,583 మీటర్ల ఎత్తు, నడకో గుర్రమో డోలీయో కావాలి. త్రియుగీ నారాయణ్ సుమారు 1,980 మీటర్లే. ఊపిరి ఆడక అవస్థపడేంత ఎత్తు కాదు. బావగారు డైరీ తీసి పెద్దన్నయ్యగారి మోకాళ్ళు కొట్టేశారు.

ఊరు చిన్నది. మెట్లు మెట్లుగా పొలాలు, పలకరాళ్ళ కప్పులు, వాటి మధ్య రేకు కప్పుల కొత్త లాడ్జీలు. రాతి గుడి చూస్తే కేదారనాథ్ ఆలయానికి చెల్లెలనిపిస్తుంది. శివుడి పెళ్ళి జరిగిన చోట శివాలయం ఉంటుందనుకుంటాం కదా, లోపల ఉన్నది నారాయణుడు. పెళ్ళికి పురోహితుడు బ్రహ్మ. పెళ్ళికూతురి అన్నగా దగ్గరుండి పనులు నడిపించింది విష్ణువు. పెళ్ళయ్యాక కూతురూ అల్లుడూ కైలాసానికి వెళ్ళిపోయారు, బ్రహ్మ తన లోకానికి పోయాడు, అన్నగారు మాత్రం పెళ్ళింట్లోనే ఉండిపోయాడు. ఆ లెక్కన ఇది వినాయకుడి మేనమామ ఇల్లు. మేనమామ హోదాలో వచ్చినవాణ్ణి గనుక ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. మన ఇళ్ళల్లో కూడా పెళ్ళి పందిరి విప్పేదాకా ఉండేది వాడే, వంట గిన్నెలు లెక్కచూసి అప్పగించేదీ వాడే.

గుడి లోపలి మండపంలో ధుని, అంటే ఆ హోమగుండం. పెద్ద మంటను ఊహించుకుని వెళితే నిరాశే. నల్లబడిన గుంటలో లావుపాటి దుంగలు నిదానంగా కాలుతుంటాయి, కళ్ళు మండేంత పొగ. మూడు యుగాలుగా ఆరలేదని నమ్మకం. వచ్చిన ప్రతివాళ్ళూ ఒక కట్టె వేస్తారు, చిటికెడు విభూతి పట్టుకెళతారు. మూడు యుగాల లెక్క సంగతి నాకు తెలియదు కానీ, ఊళ్ళో మంచు మోకాళ్ళ లోతు పడ్డ రోజున కూడా ఎవరో ఒకరు లేచి వచ్చి కట్టె వెయ్యాల్సిందేనన్నది మాత్రం కళ్ళకు కట్టింది. గుడి ముందు ఆవరణలో బ్రహ్మశిల, పెళ్ళి జరిగిన కచ్చితమైన చోటు అదే అని చూపిస్తారు. చుట్టూ రుద్ర, విష్ణు, బ్రహ్మ కుండాలు. సరస్వతీ కుండం నీళ్ళే మిగతా వాటిలోకి పారతాయట. నీళ్ళు వేలు పెట్టనివ్వలేదు.

అక్కకు వీటి మీద భక్తి ఉంది గానీ చూపు వేరే చోట ఉంది. పెళ్ళికూతురికి నలుగు పెట్టే గది ఏది? మధుపర్కాలు మార్చుకునే చోటేది? వేడినీళ్ళు ఎంతమందికి కాస్తారు? లాడ్జీల్లో ఒక్కో స్నానాల గది తలుపు తీసి, కొళాయి తిప్పి, చెయ్యి పెట్టి చూసుకుంటూ పోయింది. కాళిదాసు కుమారసంభవంలో హిమవంతుడి పట్నం ఓషధిప్రస్థం; పెళ్ళిమాటలు మాట్లాడటానికి సప్తర్షులు అరుంధతిని వెంటబెట్టుకుని అక్కడికి వస్తారు. ఇలాంటి పనులకు ఆడవాళ్ళ నేర్పు ఎక్కువని ఆ మహాకవికి తెలుసు.

ఆ పొద్దుట ఆవరణలో ఒక పెళ్ళి జరుగుతోంది. ఢిల్లీ వైపు వాళ్ళు. ఉత్తరాదిన దేవశయని ఏకాదశి నుంచి కార్తీక శుద్ధ ఏకాదశి దాకా చాతుర్మాస్యం, పెళ్ళిళ్ళు చెయ్యరు. వాళ్ళు పట్టించుకున్నట్టు లేదు. పెళ్ళికూతురు ఎర్ర లెహంగా కింద బూట్లు వేసుకుంది. చుట్టాలు పాతికమందికి మించరు, ఒక్క ఫొటోగ్రాఫర్లే నలుగురు. ధుని నిప్పుతో బయటి గుండం రాజేసి ఆ చుట్టూ ఫేరాలు తిప్పారు. మధ్యలో ఫొటోగ్రాఫర్ ఆపి, పొగ అడ్డొస్తోంది, మళ్ళీ తిరగండి అన్నాడు. తిరిగారు. పురోహితుడికి విసుగనిపించలేదు, రోజూ చూస్తున్న తంతే కాబోలు. 2023 డిసెంబరులో డెహ్రాడూన్ పెట్టుబడుల సదస్సులో ప్రధాని, విదేశాల్లో కాదు దేశంలోనే పెళ్ళిళ్ళు చేసుకోండని సంపన్నులకు చెప్పినప్పటి నుంచి ఈ రాష్ట్రంలో పెళ్ళి వేదికల మాట బాగా ఊపందుకుంది. ఈ గుడి పేరు ఆ జాబితాలో ముందుంటుంది.

పెళ్ళిళ్ళ వల్ల కొండకు ఏమవుతుందో కూడా ఈ రాష్ట్రమే చూసింది. 2019 జూన్‌లో ఔలీ పచ్చిక మీద దక్షిణాఫ్రికాలో వ్యాపారాలున్న గుప్తా సోదరుల ఇంటి పెళ్ళిళ్ళు రెండు జరిగాయి. రెండువందల కోట్ల ఖర్చని పత్రికలు రాశాయి. హైకోర్టు జోక్యం చేసుకుని మూడు కోట్లు డిపాజిట్ కట్టమంది. విందు ముగిశాక వందల క్వింటాళ్ళ చెత్త జోషీమఠ్ పురపాలక సంఘం నెత్తిన పడింది. త్రియుగీ నారాయణ్‌లో అంతటి వైభవానికి చోటే లేదు. ఆ చోటు లేకపోవడమే ఈ ఊరి అదృష్టమని నా ఉద్దేశం. లాడ్జీల అంతస్తులు పెరుగుతున్న తీరు చూస్తే ఆ అదృష్టం ఎన్నాళ్ళో.

మాతో మాట్లాడిన పురోహితుడు నడివయసు మనిషి, ఉన్ని టోపీ. మొదట అడిగింది గోత్రం కాదు, ఆధార్ కార్డులు. తర్వాత, తల్లిదండ్రులిద్దరి వైపు నుంచీ వస్తారా అని. లేచిపోయి వచ్చేవాళ్ళతో వాళ్ళు పడ్డ పాట్లు ఆ ప్రశ్నలోనే తెలిశాయి. అవి తేలాక, “ఫేరాలు ఎన్నింటికి?” అన్నాడు. బావగారు, “సుముహూర్తం ఎన్నింటికో అది చెప్పాలి, ఫేరాలు తర్వాత” అన్నారు. ఆయనకు ముహూర్తమంటే ఫేరాలే. మనకేమో తలల మీద జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. మన వేదోక్త విధి మన పురోహితుడు చేసుకోవచ్చా అని అడిగితే తలూపాడు; నిప్పు మాది, మంత్రం మీది అన్నాడు. చట్టానికి కూడా పట్టింపు లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఇరువైపుల్లో ఎవరి ఆచారం ప్రకారం చేసినా చాలంటుంది.

అసలు చిక్కు పంచాంగంలో ఉంది. మనకు శ్రావణం నిండా పెళ్ళిళ్ళే. అప్పుడు ఇక్కడ కొండచరియలు విరిగిపడతాయి, 2013 జూన్ వరద తర్వాత వానాకాలం ఈ లోయకు రమ్మని ఎవరినీ పిలవలేం. మాఘం, ఫాల్గుణం మనకు మంచివి; అప్పుడు మంచు. వైశాఖం ఇద్దరికీ బాగుంటుంది గానీ సరిగ్గా అప్పుడే కేదారనాథ్ తలుపులు తెరుస్తారు, గదులు దొరకవు, రోడ్డు మీద బళ్ళు కదలవు. జ్యేష్ఠంలో పెట్టుకుందామంటే పిల్లా పిల్లాడూ ఇద్దరూ ఇంటికి పెద్దవాళ్ళే, జ్యేష్ఠ త్రయం అవుతుంది. అన్నీ కొట్టేస్తూ పోతే కార్తీక శుద్ధ ఏకాదశి నుంచి ధనుర్మాసం పట్టే దాకా, అంటే డిసెంబరు మధ్య వరకు ఒక సన్నటి సందు మిగిలింది. దీపావళి వెళ్ళిన విదియ నాడు కేదారనాథ్ మూసేస్తారు కనుక అప్పటికి దారి ఖాళీ. మూఢం గీఢం అడ్డురాకుండా ఉండాలి.

బావగారు అక్కడి బండరాయి మీద కూర్చుని రాజమండ్రి సిద్ధాంతిగారికి ఫోన్ చేశారు. పది నిమిషాల తర్వాత జవాబొచ్చింది. మార్గశిరంలో దివ్యమైన లగ్నం, రాత్రి రెండు దాటి నలభై నిమిషాలు.

“సిద్ధాంతిగారూ, ఆ వేళకు ఇక్కడ నీళ్ళు గడ్డకడతాయండి. తలంబ్రాలు తీసే చెయ్యి కూడా గడ్డకడుతుంది. పగలు చూడండి.”

“పగలంటే మరి బలం చాలదు బాబూ.”

“అభిజిత్ లగ్నానికి వంకేముంటుందండీ? మిట్టమధ్యాహ్నం. రాముడంతటి వాడు పుట్టిన వేళ.”

ఆ బేరం వింటున్న అక్క నా వైపు చూసి కళ్ళతోనే నవ్వింది. చూసొచ్చి వద్దందామన్న మనిషి సూర్యుడు నడినెత్తిన ఉండేలా సిద్ధాంతితో పోట్లాడుతున్నాడు.

మధ్యాహ్నం ఒక ఇంట్లో భోజనం పెట్టారు. మండువా రొట్టెలు, గహత్ పప్పు, చివర్న ఝంగోరా పాయసం. తింటుంటే తెలిసింది, మండువా మన రాగులు, గహత్ మన ఉలవలు, ఝంగోరా మన ఊదలు. తెలుగు యాత్రా సంస్థల వాళ్ళు ఈ దారిలో గ్యాసు పొయ్యిలు, వంటవాళ్ళతో సహా బస్సుల్లో తిరుగుతారు. కేదారనాథ్ కింద ఆవకాయ దొరకడం వింత కాదు. కానీ కొండమీద ఉలవలు ఊహించలేదు. గుడి ఉన్న ఊరు గనుక మద్యం, మాంసం మాట ఎలాగూ లేదు. “రెండు డబ్బాలు వెన్న తెచ్చుకుంటే ఉలవచారు ఇక్కడే కాచెయ్యొచ్చు” అని బావగారు రెండోసారి పప్పు వేయించుకున్నారు. గోదావరి జిల్లా వాడు విందు గురించి రాజీపడ్డాడంటే సగం పెళ్ళి అయినట్టే.

మిగతా సగం మనుషులు. ఆ సాయంత్రం గుప్తకాశీ గదిలో డైరీ తెరిచి ఆయన, అక్క కూర్చున్నారు. నలభై మంది. గదులు, బళ్ళు, వేడినీళ్ళు అన్నీ లెక్కవేస్తే అంతకు మించి ఊరు మోయదు. ఎనిమిది వందల్లోంచి నలభై తియ్యాలి. పిలుపు లేకపోతే జీవితాంతం గుర్తుపెట్టుకునే మనుషులున్న కుటుంబాల్లో ఇది చిన్న పని కాదు. మా అమ్మమ్మ పెళ్ళి ఇంటి ముందు తాటాకు పందిట్లో ఐదు రోజులు జరిగింది. ఊరంతా విస్తరి ముందు కూర్చుంది. అక్క పెళ్ళి కల్యాణ మండపంలో చేస్తామన్నప్పుడు మా పెదనాన్న, ఇల్లుండగా సత్రంలో పెళ్ళేమిట్రా అని ముహూర్తం దాకా ముభావంగానే ఉన్నాడు. మొక్కుకుని అన్నవరం రత్నగిరి మీద చేసుకునేవాళ్ళూ ఉన్నారు. తిరుమల కొండ మీద 2016 నుంచి కల్యాణ వేదికలో దేవస్థానమే పురోహితుణ్ణి, మంగళవాద్యాన్ని ఉచితంగా ఇస్తోంది. కాబట్టి ఇల్లు దాటడమూ, కొండెక్కడమూ మనకు కొత్త కాదు. అన్నవరానికి బస్సు కట్టించి ఊరిని తీసుకెళ్ళేవాళ్ళం, ఇక్కడికి తీసుకురాలేం. తేడా అంతే, కానీ అది పెద్ద తేడా. నలభై మందితో పెళ్ళి ముచ్చటగా ఉంటుంది, ఫొటోల్లో మరీ బాగుంటుంది. పందిట్లో పేరు కూడా సరిగ్గా తెలియని ముసలాయన ఎవరో అక్షింతలు వేసి, మీ తాతా నేనూ ఒకే బడి అని చెప్పి వెళ్ళడం మాత్రం ఉండదు. అదే పెళ్ళికి అసలు రుచి అని నేను అనుకుంటాను. మా మేనకోడలు అనుకోదు. పెళ్ళి ఆమెది.

“మిగతా వాళ్ళకి రాజమండ్రిలో సత్యనారాయణ వ్రతం పెట్టి, అందరికీ భోజనాలు పెడదాం” అంది అక్క. “కల్యాణ మండపం అడ్వాన్సు కూడా వృథా పోదు.”

బావగారు ఏ మాటా అనకుండా డైరీలో వ్రతం అని రాసి, కింద రెండు గీతలు గీశారు. అంటే ఒప్పుకున్నట్టే. అడ్వాన్సు ఇచ్చిన సంగతి అప్పటిదాకా ఆయన మాకెవరికీ చెప్పలేదు; అక్కకు ఎలా తెలిసిందో ఆయన అడగనూ లేదు.

మర్నాడు విభూతి, అక్క మర్చిపోయిన శాలువా కోసం మళ్ళీ పైకెళ్ళి వస్తుంటే, సోన్‌ప్రయాగ్ బజారులో వీపుకు ఎత్తైన బుట్టలు తగిలించుకుని నేపాలీ కుర్రాళ్ళు గౌరీకుండ్ వైపు పోతున్నారు. కండీలంటారు వాటిని. నడవలేని ముసలివాళ్ళను, పిల్లలను ఆ బుట్టలో కూర్చోబెట్టుకుని కేదారనాథ్ దాకా మోస్తారు. అక్క ఆగిపోయింది.

“ఒరేయ్, పెళ్ళికూతుర్ని బుట్టలో మొయ్యాల్సింది నువ్వు కదా. ఆ నడుం పెట్టుకుని మెట్ల మీద ఎలా మోస్తావ్?”

నేను ఆలోచించని విషయం అదొక్కటే. కుర్రాణ్ణి ఆపి హిందీలో అడిగాను, పెళ్ళికి ఒక్క పది నిమిషాల కోసం వస్తావా అని. వాడు బుట్ట దించి, తొణక్కుండా, మనిషి బరువెంత అన్నాడు. బరువును బట్టి రేటు.

“దాన్నే అడగవోయ్” అన్నారు బావగారు, ఫోన్ నా చేతికిస్తూ.

అడిగాను.

“నా బరువు మీకెందుకు మామయ్యా!” అంది.